మార్కులు తగ్గింది మీ వల్లా, టెస్ట్ ఫార్మాట్ వల్లా?

ఈ మధ్య మీలో చాలా మంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అన్నా, మాక్ టెస్టులు ఎంసీక్యూలో రాస్తే సరిపోతుందా? ఆప్షన్స్ లేకుండా రాయాలా? ఒక యాప్‌లో 80 శాతం వస్తోంది, ఇంకో యాప్‌లో 45 వస్తోంది, ఏది నమ్మాలి?" ఇంకొంతమంది ట్యూషన్ చెప్పేవాళ్లు కూడా అడిగారు, పిల్లలకి ఫోన్‌లో టెస్ట్ పెట్టాలంటే ఏ టైప్ ప్రశ్నలు పెట్టాలని.

దీనికి సమాధానం చెప్పే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్తాను. ఈ టాపిక్ మీద నాకింత పట్టింపు ఎందుకో దాంతోనే అర్థమవుతుంది.

2020. నేను జాబ్‌లో చేరి ఏడాది కూడా కాలేదు. వర్క్ ఫ్రమ్ హోమ్ అనగానే ల్యాప్‌టాప్ సర్దుకుని ఊరొచ్చేశా. మా అమ్మ హైస్కూల్లో బయాలజీ టీచర్. బడి మూతబడింది, పాఠాలు వాట్సాప్‌లో పంపిస్తోంది. ఒకరోజు అంది, "ఒరే, అందరికీ సాఫ్ట్‌వేర్లు చేసి పెడతావు కదా, మా పదో తరగతి పిల్లలకి ఒక పరీక్ష చేసి పెట్టరా" అని.

నేను కొత్త ఇంజనీర్‌ని కదా, ఉత్సాహం ఎక్కువ. రెండు రాత్రుళ్లు కూర్చుని ఒక టెస్ట్ పేజీ రాసేశా. 20 ప్రశ్నలు, 20 మార్కులు, అన్నీ ఖాళీలు పూరించేవే. అమ్మ "ఆప్షన్లు ఇస్తే పోలా?" అంటే, "ఆప్షన్లు ఇస్తే గుడ్డిగా కొట్టేస్తారమ్మా, వచ్చిందో రాలేదో ఎలా తెలుస్తుంది" అని పెద్ద లెక్చర్ కూడా ఇచ్చా. పిల్లలు టైప్ చేసింది మా ఆన్సర్‌తో కలిస్తే 1, కలవకపోతే 0. సబ్మిట్ కొట్టగానే ఎర్ర రంగులో మార్కులు. నేను చాలా గొప్పగా ఫీలయ్యా.

క్లాసులో ఫస్ట్ వచ్చే అమ్మాయికి 20కి 3 వచ్చాయి.

రెండో టెస్ట్ ఆ అమ్మాయి రాయలేదు. మూడోదీ తెరవలేదు. అమ్మ వాళ్ల నాన్న నంబర్‌కి ఫోన్ చేసి మాట్లాడితే ఆ పిల్ల అన్న మాట ఇది: "నాకేం రాదని ఫోనే చెప్పింది కదా టీచర్."

ఆ రాత్రి కూర్చుని ఆ అమ్మాయి రాసినవన్నీ ఒక్కొక్కటి తెరిచి చూశా. 'కిరణజన్య సంయోగక్రియ' అనేది నా ఆన్సర్ కీ. తను 'కిరణజన్యసంయోగక్రియ' అని స్పేస్ లేకుండా కొట్టింది. తప్పు. 'ఆక్సిజన్' అని నేను పెట్టా, తను 'ప్రాణవాయువు' అంది. తప్పు. మనిషి కణంలో క్రోమోజోములు ఎన్ని అంటే '46 ఉంటాయి' అని పూర్తి వాక్యం రాసింది. అదీ తప్పే. చేత్తో దిద్దితే ఆ అమ్మాయికి 16 రావాలి. ఆ 13 మార్కులు పోవడానికి కారణం బయాలజీ కాదు. నేను ఎంచుకున్న ఫార్మాట్, నేను రాసిన కోడ్.

అందుకే ఈ ఎపిసోడ్. ఒక్కో ఫార్మాట్ నిజంగా ఏం కొలుస్తుంది, ఎక్కడ మోసం చేస్తుంది, ఎప్పుడు ఏది వాడాలి. వరసగా చూద్దాం.

మొదటిది: ఎంసీక్యూ

నాలుగు ఆప్షన్లు, ఒకటే కరెక్ట్. ఇది కంప్యూటర్లతో పుట్టింది అనుకుంటాం కానీ వందేళ్ల పైబడిన ఫార్మాట్. 1938లో ఐబీఎం వాళ్లు 805 అనే మార్కులు వేసే మెషీన్ తెచ్చారు. దాని వెనక ఐడియా అమెరికాలో రేనాల్డ్ జాన్సన్ అనే హైస్కూల్ టీచర్‌ది. పెన్సిల్ గీతలో గ్రాఫైట్ ఉంటుంది, గ్రాఫైట్‌లోంచి కరెంట్ పారుతుంది, కాబట్టి ఎక్కడ గీత ఉందో మెషీన్ పట్టేస్తుంది. ఆ తర్వాత ఇదే జాన్సన్ మొట్టమొదటి హార్డ్ డిస్క్ తయారుచేసిన టీమ్‌కి లీడర్ కూడా. అంటే ఎంసీక్యూ ఇంతగా పాపులర్ అవ్వడానికి అది చదువుని బాగా కొలవడం ఒక్కటే కారణం కాదు. లక్షల పేపర్లు త్వరగా, ఎవరు దిద్దినా ఒకేలా దిద్దొచ్చు, అదీ అసలు బలం.

బలహీనత ఏంటి? ఆన్సర్ స్క్రీన్ మీదే ఉంటుంది. మీరు గుర్తుపడితే చాలు, గుర్తుతెచ్చుకోనక్కర్లేదు. ఈ రెండూ ఒకటి కాదు. పాత క్లాస్‌మేట్ బస్టాండ్‌లో ఎదురైతే గుర్తుపడతారు, ఇంట్లో కూర్చుని పేరు చెప్పమంటే నాలుక చివరే ఆగిపోతుంది. ఎంసీక్యూలో 80, ఆప్షన్స్ లేకుండా 45 వచ్చేది ఇందుకే. ఆ రెండు యాప్స్‌లో ఏదీ అబద్ధం చెప్పట్లేదు. రెండూ రెండు వేర్వేరు విషయాలు కొలుస్తున్నాయి.

ఇంకోటి, గెస్సింగ్. ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం, ఎందుకంటే ఎగ్జామ్‌ని బట్టి లెక్క మారిపోతుంది.

మన ఈఏపీసెట్ ఇంజనీరింగ్ తీసుకోండి. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు, నెగెటివ్ లేదు. ప్రశ్నకి 67 సెకన్ల చిల్లర. 40 ప్రశ్నలు అస్సలు రాలేదనుకోండి, కళ్లు మూసుకుని కొట్టినా సగటున 10 మార్కులు వస్తాయి. కాబట్టి ఈఏపీసెట్‌లో ఖాళీ వదలడం అంటే మార్కులు పారేసుకోవడమే. చివరి మూడు నాలుగు నిమిషాలు దీనికోసమే ఉంచుకోండి.

గేట్ తీసుకోండి. ఒక మార్కు ఎంసీక్యూ తప్పయితే మూడో వంతు మార్కు పోతుంది. నాలుగింట ఒక ఛాన్స్‌లో 1 వస్తుంది, మిగతా మూడు ఛాన్సుల్లో మూడో వంతు చొప్పున పోతుంది. మొత్తం కలిపితే సున్నా. గుడ్డిగా కొడితే సగటున లాభం లేదు, నష్టం లేదు. కానీ ఒక్క ఆప్షన్ కచ్చితంగా తప్పని తెలిసి తీసేయగలిగితే, లెక్క మీ వైపు తిరుగుతుంది.

జేఈఈ మెయిన్‌లో కరెక్ట్ అయితే 4, తప్పయితే మైనస్ 1. ఇక్కడ కాగితం మీద లెక్కేస్తే గుడ్డి గెస్‌కి కూడా పావు మార్కు లాభమే. కానీ అది సగటు అని మర్చిపోకండి. ఐదారు ప్రశ్నలకి సగటు పనిచేయదు, అదృష్టం పనిచేస్తుంది. ఒకటో రెండో ఆప్షన్లు తీసేశాక గెస్ చేయడం తెలివి. మొత్తం చీకట్లో రాయి వేయడం కాదు.

మీరు టెస్ట్ తయారుచేసేవాళ్లయితే ఒక్క మాట. ఎంసీక్యూ ప్రాణం అంతా తప్పు ఆప్షన్లలో ఉంటుంది. పిల్లలు మామూలుగా ఏ తప్పు చేస్తారో అదే ఆప్షన్‌గా పెట్టాలి. ఉదాహరణకి (a+b) స్క్వేర్ అంటే 2ab మర్చిపోయిన ఆన్సర్ ఒక ఆప్షన్ ఉండాలి. అప్పుడు ఆ ఆప్షన్ ఎంతమంది కొట్టారో చూస్తే రేపు క్లాసులో ఏం చెప్పాలో తెలిసిపోతుంది. అలా కాకుండా మూడు పిచ్చి ఆప్షన్లు పెడితే అది ఎంసీక్యూ కాదు, ఫ్రీ మార్కు.

రెండోది: ఎంఎస్‌క్యూ

అంటే ఒకటి కంటే ఎక్కువ కరెక్ట్ ఉండొచ్చు. నాలుగు ఆప్షన్లలో కనీసం ఒకటి టిక్ చేయాలంటే 15 రకాలుగా టిక్ చేయొచ్చు. గుడ్డిగా కొడితే 15లో ఒక ఛాన్స్. గెస్సింగ్‌కి బాగా చెక్ పెడుతుంది. గేట్‌లో ఇది 2021 నుంచి వచ్చింది.

కానీ ఇక్కడ అసలు మ్యాటర్ మార్కులు ఎలా వేస్తారన్నది. గేట్‌లో అన్నీ కరెక్ట్‌గా టిక్ చేస్తేనే మార్కు. మూడు కరెక్ట్ ఉంటే రెండే పెట్టారా, సున్నా. కాకపోతే నెగెటివ్ లేదు. జేఈఈ అడ్వాన్స్‌డ్ ఈమధ్య పేపర్లలో అలా కాదు. అన్నీ కరెక్ట్ అయితే 4, కొన్నే పెట్టి అవన్నీ కరెక్ట్ అయితే పెట్టినన్ని మార్కులు, ఒక్క తప్పు ఆప్షన్ కలిసినా మైనస్ 2. ఒకే ప్రశ్న, ఒకే నాలెడ్జ్, రెండు ఎగ్జామ్స్‌లో రెండు వేర్వేరు స్ట్రాటజీలు. గేట్‌లో డౌట్ ఉన్నా పూర్తి కాంబినేషన్ ట్రై చేయాలి. అడ్వాన్స్‌డ్‌లో గ్యారంటీగా తెలిసినవి పెట్టి ఆగిపోవాలి.

గూగుల్ ఫార్మ్స్‌లో క్విజ్ పెట్టే టీచర్లు కూడా ఇది గమనించాలి. చెక్‌బాక్స్ ప్రశ్నకి అది ఆటోమేటిక్‌గా పార్షియల్ మార్కులు వేయదు. పూర్తిగా కలిస్తేనే మార్కు. సగం తెలిసిన పిల్లాడికీ, ఏమీ తెలియని పిల్లాడికీ ఒకే సున్నా. అది మీకు ఓకేనా అని ముందే ఆలోచించుకోండి.

మూడోది: న్యూమరికల్

ఆప్షన్స్ ఉండవు, నంబర్ కొట్టాలి. నాకు పర్సనల్‌గా బాగా ఇష్టమైన ఫార్మాట్. ఎంసీక్యూలో లెక్క తప్పు చేస్తే మీ ఆన్సర్ ఆప్షన్స్‌లో ఉండదు, వెంటనే డౌట్ వస్తుంది, మళ్లీ చేస్తారు. ఆప్షన్సే మిమ్మల్ని కాపాడుతున్నాయన్నమాట. న్యూమరికల్‌లో ఆ కాపలా లేదు.

జేఈఈ మెయిన్‌లో ఇది 2020లో వచ్చింది. 2021లో పదింట్లో ఐదు రాస్తే చాలు, నెగెటివ్ లేదు అన్నారు. 2022 నుంచి దీనికీ నెగెటివ్ పెట్టారు. 2025 నుంచి ఛాయిస్ కూడా తీసేసి ఒక్కో సబ్జెక్ట్‌లో ఐదూ రాయాల్సిందే అన్నారు. చూశారుగా, ఐదేళ్లలో రూల్ ఎన్నిసార్లు మారిందో. పాత వీడియోలు చూసి "న్యూమరికల్‌కి నెగెటివ్ లేదు" అని వెళ్తే అంతే సంగతులు. ఏ ఏడాది రాస్తున్నారో ఆ ఏడాది ఇన్ఫర్మేషన్ బులెటిన్ మాత్రమే నమ్మండి, నన్ను కూడా నమ్మకండి.

టెస్ట్ పెట్టేవాళ్లకి: ఆన్సర్ 0.33 అనుకోండి. ఒకరు 0.33 కొడతారు, ఒకరు 0.333 కొడతారు. అందుకే గేట్ కీలో చాలా ఆన్సర్లకి ఒక రేంజ్ ఇస్తారు, ఇంత నుంచి ఇంత వరకు ఏదైనా ఓకే అని. మూడుల్‌లో కూడా ఎంత తేడా వరకు ఒప్పుకోవాలో సెట్ చేసే ఆప్షన్ ఉంటుంది. మూడుల్ తెలుసు కదా, చాలా ఇంజనీరింగ్ కాలేజీల్లో వాడే ఫ్రీ ప్లాట్‌ఫామ్, 2002 నుంచి ఉంది. ఆ ఒక్క బాక్స్ నింపకపోతే మీ క్లాసులో సగంమందికి అన్యాయంగా సున్నా పడుతుంది.

నాలుగోది: టైప్ చేసే చిన్న ఆన్సర్

ఇదే నేను దెబ్బతిన్న చోటు. ఇంగ్లీష్‌లోనే స్పెల్లింగ్ గొడవ ఉంటుంది. తెలుగులో ఇంకా ఎక్కువ, ఎందుకో చెప్తా.

ఒకటి, ఒకే విషయానికి మనకి రెండు మూడు మాటలు. నైట్రోజన్ అన్నా నత్రజని అన్నా ఒకటే. రెండు, పదాలు కలిపి రాయాలా విడదీసి రాయాలా అన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా అలవాటు. మూడు, చాలా మంది పిల్లలు ఫోన్‌లో తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొడతారు. నాలుగోది కంటికి కనపడదు. 'సాఫ్ట్‌వేర్' అని తెలుగులో టైప్ చేసినప్పుడు 'ట్' కింద 'వ' వత్తు పడకుండా ఆపడానికి కీబోర్డ్ మధ్యలో ఒక కనపడని క్యారెక్టర్ పెడుతుంది. కొన్ని కీబోర్డులు పెడతాయి, కొన్ని పెట్టవు. పదం చివర్లో కూడా కొన్నిసార్లు అది మిగిలిపోతుంది. మీ కంటికి రెండు పదాలూ అచ్చు ఒకేలా ఉంటాయి. కంప్యూటర్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. సమానమా అని అడిగితే కాదు అంటుంది.

మరి వాడకూడదా? వాడొచ్చు. ఒప్పుకునే ఆన్సర్లన్నీ లిస్ట్‌గా ఇవ్వాలి. పోల్చే ముందు స్పేస్‌లు, ఆ కనపడని క్యారెక్టర్లు తీసేయాలి. అన్నిటికంటే ముఖ్యం, మెషీన్ తప్పు అన్నవాటిని మనిషి ఒకసారి చూసేవరకు మార్కులు బయటపెట్టకూడదు. గూగుల్ ఫార్మ్స్‌లో మార్కులు వెంటనే చూపించాలా, చెక్ చేశాక చూపించాలా అని ఒక సెట్టింగ్ ఉంటుంది. నేను ఆరోజు ఆ రెండోది ఫాలో అయ్యుంటే ఆ అమ్మాయి ఆ 3 చూసేదే కాదు.

ఐదోది: పెద్ద ఆన్సర్

ఎందుకు, ఎలా, వివరించండి టైప్. ఆలోచన ఎలా సాగిందో బయటపడేది ఇందులోనే. కానీ దిద్దేదెవరు? 60 మంది పిల్లలు, తలా నాలుగు ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు నిమిషాలు వేసుకోండి. 480 నిమిషాలు, అంటే ఎనిమిది గంటలు. ఒక టెస్ట్‌కి. అందుకే ప్రతివారం ఇది పెట్టలేరు. నెలకి ఒకటి, రెండే ప్రశ్నలు, కానీ జాగ్రత్తగా దిద్దడం. అది కుదిరే పని.

ఆరోది: అడాప్టివ్

అమెరికాలో ఎంఎస్ ప్లాన్ చేసేవాళ్లు వినండి. జీఆర్‌ఈలో మొదటి సెక్షన్ మీరెలా చేశారన్నదాన్ని బట్టి తర్వాతి సెక్షన్ కష్టం మారుతుంది. డిజిటల్ శాట్ కూడా అంతే, రెండు మాడ్యూళ్లు, మొదటిదాన్ని బట్టి రెండోది. జీమ్యాట్‌లో అయితే ప్రశ్న ప్రశ్నకీ మారుతుంది. తక్కువ ప్రశ్నలతో మీ లెవెల్ పట్టేయడం దీని గొప్పదనం. కాబట్టి ప్రశ్నలు కష్టంగా వస్తున్నాయంటే కంగారు పడకండి, ముందువి బాగా చేశారని అర్థం కావచ్చు. అయితే ఇది పనిచేయాలంటే ఒక్కో ప్రశ్న ఎంత కష్టమో ముందే చాలామంది మీద పరీక్షించి ఉండాలి. ఏదో చిన్న యాప్ వచ్చి "మాది అడాప్టివ్ టెస్ట్" అంటే, ఆ ప్రశ్నల కష్టం ఎవరు ఎలా లెక్కేశారని అడగండి.

మరి ఏది ఎంచుకోవాలి?

మూడు ప్రశ్నలు వేసుకోండి, చాలు.

మొదటిది, ఈ టెస్ట్ దేనికి? ర్యాంకులు ఇవ్వడానికా, నేర్చుకోవడానికా? ర్యాంకుల టెస్ట్ అయితే అసలు ఎగ్జామ్ ఫార్మాట్, అదే టైమ్, అదే నెగెటివ్. నేర్చుకోవడానికి అయితే ఆప్షన్స్ లేనిదే బెటర్. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు. కొంతమంది పాఠాన్ని మళ్లీ చదివారు, కొంతమంది పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. అంటే టెస్ట్ మిమ్మల్ని కొలవడమే కాదు, నేర్పిస్తుంది కూడా.

రెండోది, ఒక ఆన్సర్ తప్పని తేలితే అది దేని వల్ల తప్పో తెలుస్తుందా? సబ్జెక్ట్ రాక తప్పా, టైపింగ్ రాక తప్పా, నెట్ స్లో అయి తప్పా? తెలియకపోతే ఆ ఫార్మాట్ ఆ పిల్లలకి సరిపోదు.

మూడోది, ఆ మార్కు చూసి ఎవరు ఏం నిర్ణయం తీసుకుంటారు? ఒక పిల్ల చదువు ఆపేద్దామా అని ఆలోచించేంత బరువు ఆ మార్కు మీద పడుతుంటే, మెషీన్‌ని ఒంటరిగా వదలకండి.

స్టూడెంట్స్‌కి ఒక చిన్న చిట్కా, డబ్బులు ఖర్చు లేదు. ఎంసీక్యూ యాప్‌లోనే ఆప్షన్స్ మీద చెయ్యి అడ్డం పెట్టండి. ముందు కాగితం మీద ఆన్సర్ రాయండి. తర్వాత చెయ్యి తీసి టిక్ చేయండి. పక్కన ఒక గుర్తు పెట్టుకోండి: కచ్చితంగా తెలుసు, డౌట్, గెస్. టెస్ట్ అయ్యాక తప్పులు మాత్రమే చూడకండి, గెస్ కొట్టి కరెక్ట్ అయినవి కూడా చూడండి. అవి మీ మార్కులు కాదు, అప్పు తెచ్చుకున్నవి. ఇంకా, కచ్చితంగా తెలుసనుకుని తప్పు చేసినవి అన్నిటికంటే ముందు దిద్దుకోండి. మూడుల్‌లో ఇలాంటి స్కోరింగ్ ఒకటి నిజంగానే ఉంది. చాలా నమ్మకంగా చెప్పి కరెక్ట్ అయితే 3, అదే తప్పయితే మైనస్ 6. ఎందుకంటే తెలియకపోవడం కంటే తప్పుగా తెలిసుండటం ప్రమాదం.

ఇక ఆ అమ్మాయి విషయం. నాలుగో టెస్ట్ మార్చేశాం. 15 ఎంసీక్యూలు, తప్పు ఆప్షన్లు అమ్మ తన అనుభవంతో రాసింది. రెండు న్యూమరికల్. ఒక పెద్ద ప్రశ్న, నోట్‌బుక్‌లో రాసి ఫోటో తీసి పంపాలి, అమ్మ దిద్దుతుంది. మార్కులు మర్నాడు. అంతకంటే ముందు నేనే ఫోన్ చేసి ఆ అమ్మాయికి చెప్పా, "అమ్మా, ఆరోజు నీకు రావాల్సింది 16, తప్పు నా ప్రోగ్రామ్‌ది" అని. అటు కాసేపు మాట లేదు. తర్వాత అడిగింది, "మరి మిగతా వాళ్లవి కూడా దిద్దారా అన్నా?" అని.

దిద్దలేదు. అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు నాకు. ఆ రాత్రి కూర్చుని 52 మందివీ దిద్దాం, అమ్మా నేనూ. ముగ్గురికి తప్ప అందరికీ మార్కులు పెరిగాయి. నాలుగో టెస్ట్ ఆ అమ్మాయి రాసింది.

కాబట్టి ఈసారి ఏ యాప్ అయినా స్క్రీన్ మీద ఎర్రగా ఒక నంబర్ చూపిస్తే, వెంటనే మీ మీద మీరు తీర్పు ఇచ్చేసుకోకండి. ఇది నన్ను ఏం అడిగింది, ఎలా అడిగింది, ఎలా దిద్దింది అని ముందు చూడండి. ఆ తర్వాత కూడా తప్పు మీదే అయితే, హాయిగా ఒప్పుకుని పుస్తకం తెరవండి.

వచ్చే ఎపిసోడ్‌లో, ఒకే ఎగ్జామ్ పది షిఫ్టుల్లో పెడితే మార్కులు ఎలా సరిచేస్తారు, ఆ నార్మలైజేషన్ సంగతి చూద్దాం. అప్పటిదాకా బాగా చదవండి, బాగా నిద్రపోండి. ఉంటా మరి.